కోరలు పీకిన కమీషన్ – పత్తి గింజ కాడ మన లెక్క

సీసీఐ అంటే ఆలూరు, హొళగుంద, ఆస్పరి పల్లెల్లో ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు: ఆదోనిలో పత్తి కొనే సర్కారు సంస్థ, కాటన్ కార్పొరేషన్. మార్కెట్లో ధర పడిపోయినప్పుడు మనం ఎదురుచూసేది ఆ సీసీఐ కోసమే.

కానీ ఢిల్లీలో ఇంకో సీసీఐ ఉంది. కాంపిటీషన్ కమీషన్ ఆఫ్ ఇండియా. తెలుగులో భారత పోటీ కమీషన్. పత్తి కొనే సీసీఐ మనకు తెలిసినంతగా ఈ సీసీఐ తెలియదు. తెలియనిచ్చిన వాళ్లు లేరు. వకీళ్లకు తెలుసు, కంపెనీలకు తెలుసు, కంపెనీలతో పేచీ పడే కంపెనీలకు తెలుసు. విత్తనం కొనే మనకు తెలియదు, విత్తనం తయారు చేసే మన పిల్లలకు అసలే తెలియదు.

అన్నలారా, అక్కలారా, ఈ వ్యాసంలో చెప్పేది ఒకటే సంగతి. పెద్ద వ్యాపారి మెడలు వంచడానికి ఈ దేశంలో ఒక చట్టం ఉంది. ఆ చట్టానికి కోరలున్నాయి. పేటెంటు ఉన్న కంపెనీ కాడికి వచ్చేసరికి కోర్టులు ఆ కోరలు పీకేసినాయి. ఇంకా మిగిలిన కోరలు మన చేతికి అందేటంత దూరంలోనే ఉన్నాయి. వాటిని మనం పట్టుకోకపోతే ఇంకొకరు మన కోసం పట్టుకోరు.

చట్టం ఏమంటుంది?

1969లో గుత్తాధిపత్య వ్యాపారాల మీద ఒక చట్టం వచ్చింది. దాన్ని ఎమ్మార్టీపీ చట్టం అనేవాళ్లు. 1991 తర్వాత సరళీకరణ పేరుతో తలుపులు బార్లా తెరిచినారు. పాత చట్టం పాతబడిందన్నారు. 2002లో కొత్త పోటీ చట్టం చేసినారు. 2009 మే 20 నుంచి దాని ముఖ్యమైన సెక్షన్లు అమల్లోకి వచ్చినాయి. అదే ఏడు పాత చట్టాన్ని రద్దు చేసినారు.

కొత్త చట్టంలో మనం గుర్తు పెట్టుకోవాల్సినవి రెండు సెక్షన్లు.

మూడో సెక్షన్: వ్యాపారులు తమలో తాము కూడబలుక్కుని ధర నిర్ణయించకూడదు. ఇది అమ్మే ధరకే కాదు, కొనే ధరకు కూడా వర్తిస్తుంది. మండీలో పది మంది కొనుగోలుదార్లు ముందురోజు రాత్రే మాట్లాడుకుని తెల్లారి వేలం పాట నాటకం ఆడితే, దాన్ని మనం సిండికేటు అంటాం. ఈ చట్టం ప్రకారం అది నేరమంత తప్పు.

నాలుగో సెక్షన్: మార్కెట్ మొత్తం గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీ ఆ బలం చూసుకుని అన్యాయమైన ధర పెట్టకూడదు. ఇది కూడా రెండు వైపులా వర్తిస్తుంది. ఎక్కువకు అమ్మినా తప్పే, తక్కువకు కొన్నా తప్పే.

మరి తప్పు చేస్తే కమీషన్ ఏం చేయగలదు? ప్రాథమికంగా ఆధారం కనబడితే తన డైరెక్టర్ జనరల్‌తో విచారణ చేయిస్తుంది. సాక్షుల్ని పిలుస్తుంది, ప్రమాణం చేయిస్తుంది, కంపెనీ పత్రాలు తెప్పిస్తుంది. మేజిస్ట్రేటు వారంటు తీసుకుని కంపెనీ ఆఫీసుల్లో సోదా చేయించొచ్చు. విచారణ నడుస్తుండగానే ఆ పని ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. కంపెనీ టర్నోవరులో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. కూడబలుక్కున్న వ్యాపారులకైతే వాళ్లు సంపాదించిన లాభానికి మూడింతల దాకా వేయొచ్చు. మరీ పెరిగిపోయిన కంపెనీని విడగొట్టమని చెప్పే అధికారం కూడా ఉంది.

ఒకటి మాత్రం చేయలేదు. వస్తువుకు ఇదీ ధర అని కమీషన్ రాసిపెట్టదు. ధర నిర్ణయించేది సర్కారు. ఆ ధర వెనకున్న దౌర్జన్యాన్ని పట్టుకునేది కమీషన్. ఈ రెండూ వేరు వేరని మనసులో పెట్టుకోండి.

ఈ అధికారాలు కాగితం మీదివే అనుకోకండి. 2012 జూన్‌లో సిమెంటు కంపెనీలు కూడబలుక్కుని ఉత్పత్తి బిగబట్టి బస్తా ధర పెంచినాయని తేల్చి, 11 కంపెనీల మీద 6 వేల కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది ఈ కమీషనే. అందులో ఇండియా సిమెంట్స్ ఒకటి. మన పక్క కడప జిల్లా చిలమకూరులో, ఎర్రగుంట్లలో మన సున్నపురాయి తవ్వి సిమెంటు చేసిన కంపెనీ అది. ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటూ గోడలు లేపి పైకప్పుకు సిమెంటు చాలక నిలిపేసినోళ్లు మన గేరిల్లో ఎంతమంది లేరు?

తర్వాత ఏమైంది? 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. కంపెనీలు తప్పు చేయలేదని కాదు. వాదన వినని మనిషి ఉత్తర్వు మీద సంతకం పెట్టినాడని. 2016లో కమీషన్ మళ్లీ విని మళ్లీ జరిమానా వేసింది. 2018లో ట్రిబ్యునల్ సరేనంది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కినాయి. కోడి దొంగతనం కేసులో మన పిల్లోన్ని పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి జైల్లో వేస్తారు. వేల కోట్ల కేసుకు మాత్రం ఏండ్లు పడతాయి.

2006లో మన రాష్ట్రం చేసిన పని

ఇప్పుడు పత్తికి వద్దాం. బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మినారు. అందులో గింజ ఖర్చు కొంతే. వెయ్యి రూపాయలకు పైగా రాయల్టీ. అంటే ఆ గింజలో పెట్టిన జన్యువు తమదని చెప్పి మహికో మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ వసూలు చేసుకున్న సొమ్ము. మోన్‌శాంటో అమెరికాది, మహికో ఇక్కడిది. ఇద్దరూ కలిసి పెట్టిన కంపెనీ.

2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటి ఎమ్మార్టీపీ కమీషన్ కాడికి పోయింది. ఇది అన్యాయమైన రాయల్టీ అని ఫిర్యాదు చేసింది. మే నెలలో కమీషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చైనాలో ఎట్ల వసూలు చేస్తున్నారో అట్ల న్యాయంగా తగ్గించమంది. ఆ నెలాఖరుకే మన ప్రభుత్వం ప్యాకెట్టు 750 రూపాయలకు మించి అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా వెంటనే స్టే దొరకలేదు. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధర మీద సొంత చట్టమే చేసుకుంది.

చూడండప్పా, ఒక రాష్ట్ర ప్రభుత్వం మనసు పెడితే ఒక్క సీజన్లో ధర సగానికి దిగింది. అప్పుడున్నది పాత చట్టం, పళ్లు లేని చట్టమని దాన్నే కదా తీసేసినారు! ఆ పళ్లు లేని చట్టం చేసిన పనిని కోరలున్న కొత్త చట్టం చేయలేకపోయింది. ఎందుకో వినండి.

కోరలు పీకిన కథ

2015 డిసెంబరులో కేంద్రం పత్తి విత్తనాల ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాదాపు అదే సమయంలో కేంద్ర వ్యవసాయ శాఖ, హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్ మోన్‌శాంటో మీద పోటీ కమీషన్‌కు ఎక్కినాయి. దేశంలో పండే పత్తిలో 90 శాతం పైన ఆ జన్యువే ఉంది, ఆ బలం చూసుకుని ఇష్టమొచ్చిన షరతులు పెడుతున్నారన్నది ఫిర్యాదు. 2016 ఫిబ్రవరిలో కమీషన్ ఆధారం ఉందని చెప్పి విచారణకు ఆదేశించింది.

కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. మాది పేటెంటు వ్యవహారం, పేటెంటు చట్టం కింద చూసుకోవాలి, మమ్మల్ని అడగడానికి పోటీ కమీషన్ ఎవరని వాదించింది. 2020 మేలో ఒక జడ్జి ఆ వాదన కొట్టేసి, కమీషన్‌కు అధికారముంది అన్నాడు. 2023 జూలై 13న ఇద్దరు జడ్జీల బెంచి దాన్ని తిరగేసింది. ఫోన్ల కంపెనీ ఎరిక్సన్ కేసును, ఈ విత్తనం కేసును కలిపి తీర్పు చెప్పింది. పేటెంటున్న వాడు పేటెంటును దుర్వినియోగం చేస్తే చూసుకోవడానికి పేటెంటు చట్టంలోనే ఏర్పాటుంది, పోటీ కమీషన్‌కు అక్కడ పని లేదు అంది. కమీషన్ సుప్రీంకోర్టుకు పోయింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసింది.

మరి కమీషన్‌కు పోయిన విత్తనాల కంపెనీ ఏమైంది? 2021 మార్చిలోనే మోన్‌శాంటోను కొనేసిన బేయర్ కంపెనీ, నూజివీడు రాజీ పడినాయి. ఉన్న కేసులన్నీ సర్దుకున్నాయి. ఏ షరతు మీద రాజీ పడినారో పత్తి వేసిన మనకు చెప్పలేదు. చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. ఎందుకంటే ఆ కేసులో మనం లేము. మన పేరు చెప్పి కొట్లాడినారు, మనల్ని అడక్కుండా చేతులు కలిపినారు. రెండు దున్నపోతులు కొట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని మన పెద్దోళ్లు ఊరికే అన్నారా? ఇక్కడ దున్నపోతులు రాజీ పడినా విరిగేది లేగదూడల కాళ్లే.

పేటెంటు ఆఫీసుకు పొమ్మంటే

కోర్టు చెప్పిన దారి ఏది? పేటెంటు కంట్రోలరు కాడికి పోవాలి. పేటెంటున్న వాడు జనానికి అందుబాటు ధరకు ఇవ్వకపోతే, దాన్ని ఇంకొకరు తయారు చేసుకోవడానికి నిర్బంధ లైసెన్సు ఇచ్చే అధికారం అతనికి ఉంది. వినడానికి బాగుంది. ఇప్పటిదాకా ఈ దేశంలో అట్ల ఇచ్చిన లైసెన్సు ఎన్ని? ఒక్కటి. 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో కంపెనీకి ఒక క్యాన్సర్ మందు మీద ఇచ్చినారు. నెలకు 2 లక్షల 80 వేల రూపాయలున్న మందు 8,800 రూపాయలకు దిగింది. ఆ మందు పేటెంటు ఎవరిది? ఇదే బేయర్‌ది.

ఒక్క లైసెన్సుతో అంత తేడా వచ్చింది. అయినా అది తెచ్చుకున్నది రోగులు కాదు, ఇంకో కంపెనీ. ఎందుకంటే నిర్బంధ లైసెన్సు అడిగే వాడికి ఆ వస్తువును తయారు చేసే స్తోమత ఉందా లేదా అని కంట్రోలరు చూస్తాడు. రెండెకరాలు గుత్తకు తీసుకుని పత్తి వేసే మాదిగ రైతుకు బీటీ జన్యువు తయారు చేసే ప్రయోగశాల యాడుంది? అంటే ఈ తీర్పు మనకు చెప్పిందేమంటే: నీకు తెరిచి ఉన్న తలుపు మూసేసినా, నీకు పట్టని తలుపులో నుంచి దూరు.

ఆ జన్యువు పేటెంటు గడువు 2019లోనే అయిపోయింది. 2020 నుంచి కేంద్రం రాయల్టీని సున్నా చేసింది. గులాబీ రంగు పురుగు కూడా ఆ జన్యువుకు లొంగడం మానేసింది. ఇంకెందుకు ఈ గొడవ అని కొందరు అంటారు. గొడవ రేపటి గింజ కోసం. కొత్త జన్యువు వస్తుంది, కొత్త పేటెంటు వస్తుంది, కొత్త రాయల్టీ వస్తుంది. అప్పుడు పోటీ కమీషన్ కాడికి పోతే 2023 తీర్పు చూపించి తలుపు మూస్తారు. అందుకే ఇప్పుడే మాట్లాడాలి.

లెక్కలో లేని చేతులు

ఇంకో లెక్క ఉంది. ఇది ఏ కోర్టులోనూ రాలేదు.

హైబ్రిడ్ పత్తి గింజ ఫ్యాక్టరీలో పుట్టదు. చేన్లో పుడుతుంది. సాయంత్రం మొగ్గను ఒలిచి లోపలి మగ భాగం గిల్లేయాలి. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆ ఆడ మొగ్గకు రుద్దాలి. ఒక్కొక్క పువ్వుకు ఇదే పని, నెలల తరబడి. దీన్నే క్రాసింగ్ అంటాం. బోరు నీళ్లున్న చేన్లలో ఈ సీడు పత్తి వేస్తారు. బోరున్న చేను చాలావరకు మనది కాదు. గిల్లే వేళ్లు మనవి. అందులోనూ ఆడపిల్లల వేళ్లు.

నేను బడిపంతుల్ని. క్రాసింగ్ సీజను ఎప్పుడు మొదలైందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా వరసగా పడే సున్నాలే చెప్తాయి. అదయిపోతే అమ్మానాయన సుగ్గికని గుంటూరు మిరప చేన్లకు పోతారు, మిగిలిన పిల్లలూ వెంట పోతారు.

పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టాన్ని సవరించినారు. బడి అయినాక ఇంటి పనిలో సాయం చేయొచ్చని అందులోనే ఒక కంత వదిలినారు. ఆ కంతలో నుంచి ఎంతమంది పిల్లలు చేన్లోకి పోతున్నారో లెక్క తీసిన వాడు లేడు.

రైతును తిడితే సరిపోతుందా? సరిపోదు. సీడు రైతు మీద ఆర్గనైజరు ఉన్నాడు. ఆర్గనైజరు మీద కంపెనీ ఉంది. గింజ కొనే ధర ముందే నిర్ణయించేది కంపెనీ. అడ్వాన్సు ఇచ్చి కట్టేసేది ఆర్గనైజరు. మొలక పరీక్షలో, జాతి పరీక్షలో గింజ తప్పిందంటే నష్టమంతా రైతుది. రైతు ఆ భారాన్ని కింది వాళ్ల మీద వేస్తాడు. కింద ఉన్నది కూలి, కూలి కింద పిల్ల. మన రాష్ట్రంలో కంపెనీలు రైతుకిచ్చే ధరకూ పిల్లల పనికీ ఉన్న లంకెను దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా అనే పరిశోధకులు 2005లోనే ఒక నివేదికలో చూపించినారు. తుంగభద్ర అవతల గద్వాల వైపు 2025లో సీడు పత్తి రైతులు రోడ్డెక్కింది కూడా కొనుగోలు కాడ కంపెనీలు పెట్టిన కష్టానికే.

ఇప్పుడు లెక్క చూడండి. బీటీ రెండో రకం పత్తి ప్యాకెట్టు గరిష్ఠ ధర కేంద్రం 2020లో 730 రూపాయలు పెట్టింది. 2025కు అది 901 రూపాయలైంది. రాయల్టీ సున్నా. ఈ పెరిగిన 171 రూపాయల్లో మొగ్గ గిల్లిన పిల్లకు ఎంత వచ్చింది? అమ్మే ధరకు సర్కారు ఏటా గెజిట్ వేస్తుంది. కొనే ధరకు గెజిట్ ఏది? మొగ్గ గిల్లిన కూలికి గెజిట్ ఏది?

మార్కెట్‌లో పోటీ ఉంటే అందరికీ మేలంటారు. కూలి కాడ మాత్రం మనల్ని పోటీ పడమంటారు. ఈ గేరి కాకపోతే ఆ గేరి, ఈ ఊరు కాకపోతే ఆ ఊరు, పెద్దోళ్లు కాకపోతే పిల్లలు, ఎవరు తక్కువకొస్తే వాళ్లు. గింజ అమ్మే కాడ, కొనే కాడ మాత్రం వాళ్లకు పోటీ వద్దు. పోటీ చట్టంలో కూలి అన్న మాట యాడా కనబడదు. కానీ తక్కువ ధరకు కొనడం తప్పని ఉంది. సీడు గింజ కొనే ధరను కంపెనీలు కూడబలుక్కుని నిర్ణయిస్తే అది మూడో సెక్షన్ కింద తప్పే. దీనికీ పేటెంటుకూ సంబంధం లేదు. 2023 తీర్పు అడ్డం రాదు. ఈ కోర ఇంకా పీకలేదు!

బాబాసాహెబ్ అంబేద్కర్ 1947లో రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని, వ్యవసాయం కూడా రాజ్య పరిశ్రమ కావాలని ప్రతిపాదించినాడు. ఎందుకు? బలమున్న వాడూ లేని వాడూ బేరం చేసుకుంటే అది బేరం కాదని ఆయనకు తెలుసు. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టినారు. దాని బదులు ఇచ్చిన పోటీ చట్టాన్నైనా నిజంగా నడపమని అడిగే హక్కు మనకు లేదా?

మనం చేయాల్సింది

ఇది భూమి ఉన్నోళ్ల గొడవ, మనకెందుకు అనే అన్నలు ఉన్నారు. గుత్తకు చేసేది మనం, ప్యాకెట్టు కొనేది మనం, మొగ్గ గిల్లేది మన పిల్లలు. మరి మనది కాక ఎవరిది?

సంఘాలు గుర్తు పెట్టుకోవాల్సిన సంగతులివి.

ఒకటి. పోటీ కమీషన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. నష్టపోయినవాడే రావాలని లేదని 2020 డిసెంబరులో సమీర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పంటకు విత్తనం కొన్నవాడు వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాడు అనే మెలిక ఈ చట్టంలో లేదు.

రెండు. మామూలు మనిషికి ఫీజు 5,000 రూపాయలు. ఒక్కరికి భారం. వంద మంది సంఘానికి తలా యాభై. రాష్ట్ర ప్రభుత్వం తానే నివేదిస్తే ఆ ఫీజు కూడా ఉండదు.

మూడు. ఊర్లో బతకాలి కదా అనే భయం ఉంది. పేరు బయట పెట్టొద్దని కమీషన్‌ను అడగొచ్చు. ఆ ఏర్పాటు నిబంధనల్లో ఉంది.

నాలుగు. 2023 సవరణతో గడువు పెట్టినారు. తప్పు జరిగిన మూడేండ్ల లోపల పోవాలి. అందుకే కాగితాలు దాచండి. విత్తనం బిల్లు, ఆర్గనైజరు ఇచ్చిన చీటీ, అడ్వాన్సు లెక్క, తక్‌పట్టీ ఏదీ పారేయొద్దు. కంపెనీలన్నీ ఒకే ఏడు ఒకే ధర ఇచ్చినాయని చూపించేది ఆ చీటీలే.

ఐదు. కమీషన్ వేసే జరిమానా మనకు రాదు. భారత ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపరిహారం కావాలంటే అప్పీలు ట్రిబ్యునల్‌లో వేరే దరఖాస్తు పెట్టాలి. అనుమతి తీసుకుని వందల మంది తరపున కొందరు వేయొచ్చు. ఈ దారిలో మన సంఘాలు నడవాలి.

ఆరు. కమీషన్‌కు చెన్నైలో ప్రాంతీయ కార్యాలయం పెట్టినారు. గుంతకల్లులో బండెక్కితే చెన్నై ఒక రాత్రి దూరం. ఢిల్లీ ఎంత దూరమో అనుకుని కూర్చోవద్దు.

ఇక సర్కారును అడగాల్సినవి మూడు. పేటెంటు పేరు చెప్పి తప్పించుకునే దారిని పార్లమెంటు చట్టం సవరించి మూయాలి. 2006లో చేసినట్లే రాష్ట్ర ప్రభుత్వం సీడు పత్తి కొనుగోలు ధరల మీద తానే కమీషన్‌కు నివేదించాలి. అమ్మే ధరకు గెజిట్ వేసినట్లే, సీడు గింజ కొనే ధరనూ క్రాసింగ్ కూలినీ ఏటా విత్తనం వేయకముందే ప్రకటించాలి.

ఎన్నికల ముందు మన గేరికి వచ్చే నాయకుణ్ణి ఈ మూడూ అడగండి. ఏ కమీషన్ అని అతను ఎదురు అడిగితే, పత్తి కొనే సీసీఐ కాదు, ఇంకో సీసీఐ ఉందని చెప్పండి. తెలియదంటే ఈ పుస్తకం చేతిలో పెట్టండి. తెలిసి కూడా మాట్లాడకపోతే, అతను ఎవరి ప్యాకెట్టు అమ్ముతున్నాడో మీకే అర్థమవుతుంది.